జూన్ 9 తర్వాత కొన్న ఎలుకలు పారేయండి

ఇంగ్లీషులో అందరికీ చిన్న మెసేజ్ పెట్టాను. కానీ "అన్నా, మా మొదటి పాము నీ చలవే" అంటూ మెల్‌బోర్న్ శివార్లలోని టార్నీట్, పాయింట్ కుక్ నుంచి వచ్చే మన వాళ్ళకి అసలు సంగతి వివరంగా చెప్పాలి.

జూన్ 9 తర్వాత మా కొట్లో పాములకి తిండిగా కొన్న ఫ్రోజెన్ ఎలుకలు, పింకీలైనా (అప్పుడే పుట్టిన పిల్లలు) పెద్దవైనా, వాడకండి. బిల్లు లేకపోయినా డబ్బు వాపసిస్తాను.

సప్లయర్ వ్యాన్‌లో కరిగిపోయిన సరుకుని మళ్ళీ గడ్డకట్టించి మాకు దింపారు. తొమ్మిదేళ్ళలో ఒక్కసారీ కక్కని నా స్టిమ్సన్స్ పైథాన్ (చిన్న జాతి కొండచిలువ), తిన్న రెండో రోజు పొద్దున్నే కక్కేసి మూలకి చేరింది. వాసన సంగతి వదిలేయండి. ఫ్రీజర్ తీసి చూస్తే సంచి అడుగున ఎర్రటి ఐసు పలక, అందులో నాలుగైదు ఎలుకలు అతుక్కుపోయి ఉన్నాయి. ఒకదాన్ని కరిగించి నొక్కితే పొట్ట పచ్చబడి, మెత్తగా చితికింది. దింపుకునేటప్పుడు సంచి తిప్పి చూడకపోవడం నా తప్పే.

సప్లయర్‌కి ఫోన్ చేస్తే వాళ్ళేమన్నారో తెలుసా? "బయట పాములు ఏది దొరికితే అది తింటాయి, ఏం కాదు" అని! క్వీన్స్‌లాండ్‌లో రాక్‌హాంప్టన్ దగ్గర, మౌంట్ ఎట్నా గుహల్లో బ్యాట్ క్లెఫ్ట్ అనే చోటుంది. అక్కడ మన స్పాటెడ్ పైథాన్లు చీకట్లో గుహ నోటి దగ్గర వేలాడుతూ, బయటికొచ్చే గబ్బిలాలని గాల్లోనే పట్టేస్తాయి. నేను కళ్ళారా చూశాను. అలా తాజాగా పట్టుకు తినేదానికి కుళ్ళింది పెట్టి ఏం కాదంటారా? పదకొండేళ్ళు వాళ్ళ దగ్గరే కొన్నాను, ఇక కొనను. క్షమాపణ చెప్పినా కొనను.

మొత్తం పారేయాలా, బాగున్నవి ఉంచాలా అన్నదే తేలలేదు. 1,400 ఎలుకలు మరి. నిజం చెప్పాలంటే రెండు సాయంత్రాలు ట్రేలో పరిచి ఏరాను కూడా. "ఏరినవి నీ పాముకి పెడతావా?" అంది మా ఆవిడ. పెట్టను. అంతే, అన్నీ పోయాయి.

మీ పాములకి టెన్షన్ పడకండి. ఇక్కడ ఇప్పుడు చలికాలం, పెద్దవి నెల రోజులు తినకపోయినా తట్టుకుంటాయి. కక్కిన పాముని రెండు వారాలు ముట్టుకోవద్దు, తిండి పెట్టొద్దు. నీళ్ళు ఉంచండి, వెచ్చటి వైపు 32 డిగ్రీలు ఉండేలా చూడండి. తర్వాత మామూలు కంటే చిన్న ఎలుక ఇవ్వండి. మళ్ళీ కక్కితే సరీసృపాలు చూసే వెట్ దగ్గరికే, నా దగ్గరికి కాదు.

కొత్త సరుకు కొత్త చోటు నుంచి రెండు వారాల్లో వస్తుంది. ఎలుకకి 40 సెంట్లు ఎక్కువ, బేరాల్లేవు. ప్రతి సంచీ నేనే తిప్పి చూస్తాను. ఈలోపు పాలు పోయొచ్చా అని అడిగినాయనా, నాగుల చవితి ఇంకా చాలా దూరముంది, పాములు పాలు తాగవు.

శనివారం పదింటి నుంచి కొట్లోనే ఉంటాను. ఆ సంచులు మాత్రం తేకండి, ఫొటో చాలు.