అమ్మ థైరాయిడ్ రిపోర్టు గురించి నాన్నగారికి

న్యూకాజిల్, ఇంగ్లండ్,
అక్టోబరు 12.

పూజ్యులైన నాన్నగారికి,

నమస్కారములు. ఇక్కడ మేమందరం క్షేమం. మీరు పంపిన అమ్మ రిపోర్టు చూశాను. ఫోనులో అయితే సగం మాటలు వీధిలో హారన్లకు పోతున్నాయి, మిగతా సగం అమ్మ వెనకనుంచి “నాకేం లేదని చెప్పండి” అనడంతోనే సరిపోతోంది. అందుకని ఈసారి కాగితం మీద పెడుతున్నాను.

అన్నిటికంటే ముందు ఒక్క మాట. మందుల షాపు అబ్బాయి చెప్పాడని అమ్మ వేసుకునే 75 మైక్రోగ్రాముల థైరాయిడ్ మాత్రను 100కు మార్చకండి. అమ్మకు ఆ మోతాదు చాలడం లేదని ఈ రిపోర్టు చూసి చెప్పలేము. వేసుకున్న మాత్ర ఒంటికి పట్టడం లేదేమోనని నా అనుమానం, అలా అనుకోవడానికి కారణాలు కూడా ఉన్నాయి.

“థైరాయిడ్ ఎక్కువైందట” అని అమ్మ అందరికీ చెబుతోందని చెల్లి రాసింది. విషయం దానికి సరిగ్గా తిరగబడి ఉంది. టీఎస్‌హెచ్ అనేది గొంతు దగ్గరి థైరాయిడ్ గ్రంథి తయారుచేసేది కాదు. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి దానికి పంపే తాఖీదు. పోర్టు ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు చేసిన మీకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు: కింది సెక్షను నుంచి పని సరిగా రాకపోతే పై ఆఫీసు నుంచి తాఖీదు మీద తాఖీదు వస్తుంది, పని సవ్యంగా సాగితే తాఖీదులు తగ్గిపోతాయి. కాబట్టి టీఎస్‌హెచ్ పెరిగిందంటే రక్తంలో థైరాయిడ్ హార్మోను తగ్గిందని అర్థం. చాలా లేబొరేటరీల్లో దీని మామూలు పరిధి ఇంచుమించు 0.4 నుంచి 4 వరకు ఉంటుంది. నిరుడు అమ్మకు 3.1 ఉన్నది ఇప్పుడు 9.6 అయింది.

దాని కింద ఉన్న ఫ్రీ టీ4, అంటే రక్తంలోని థైరాయిడ్ హార్మోను, ఆ పనికి సంబంధించిన లెక్క. అది 0.9 ఉంది, అంటే పరిధిలోనే, కాకపోతే అడుగు అంచుకు దగ్గరగా ఉంది. “నీది 15 ఉంటే మీ అమ్మది ఒకటి కూడా లేదేమిటి” అని మీరు కంగారుపడ్డారు. మన దగ్గర దానిని డెసిలీటరుకు నానోగ్రాములలో ఇస్తారు, ఇక్కడ లీటరుకు పికోమోల్‌లలో ఇస్తారు. అమ్మ అంకెను సుమారు 12.9తో గుణించండి, పదకొండున్నర దాకా వస్తుంది. నా 15తో పోల్చవలసింది దానిని. గుణించి చూస్తే తప్ప మీకు నిద్రపట్టదని తెలిసే ఇది రాశాను.

ఇప్పుడు నా అనుమానం సంగతి. సంక్రాంతికి వచ్చినప్పుడు అమ్మ ఉదయాలు దగ్గరుండి చూశాను. అయిదింటికి లేస్తుంది, ఫ్రిజ్ మీది పాత వక్కపొడి డబ్బాలోంచి మాత్ర తీసి నోట్లో వేసుకుంటుంది, మంచినీళ్ళకు బదులు స్టీలు గ్లాసులోని అరకు కాఫీతోనే మింగేస్తుంది. పావుగంట తిరక్కుండా చోడి అంబలి. వేసవిలో ఎముకల పరీక్ష అయ్యాక డాక్టరుగారు రాసిన కాల్షియం బిళ్ళను కూడా, ఒక్కసారే అయిపోతుందని, ఇప్పుడు దీనితో కలిపి వేసుకుంటోందని చెల్లి చెప్పింది. ఈ మాత్రకు కాఫీ గిట్టదు, తిండి గిట్టదు. కాల్షియం అయితే పేగులోనే దానిని పట్టేసి రక్తంలోకి వెళ్ళనివ్వదు. మోతాదు మారలేదు, కొత్తగా చేరింది కాల్షియం, ఆ తరువాతే టీఎస్‌హెచ్ మూడింతలైంది. నా అనుమానమంతా అక్కడే ఉంది.

ఇది పుస్తకం చూసి చెబుతున్న మాట కాదు. ఇక్కడ నాకు కూడా హైపోథైరాయిడ్, అంటే థైరాయిడ్ తక్కువ, అని తేలిన మొదటి ఏడాది, రక్తం తక్కువగా ఉందని ఐరన్ మాత్రలు కూడా ఇచ్చారు. రెంటికీ నడుమ నాలుగు గంటల ఎడం ఉండాలని ఎవరూ చెప్పలేదు, మందు పెట్టెలో మడతపెట్టి ఉంచిన కాగితం నేనూ విప్పి చదవలేదు. రెండింటినీ ఒక గుక్కలో మింగుతూ పోయాను. రెండుసార్లు మోతాదు పెంచారు. ఆ తరువాత రక్తం బాగుపడి ఐరన్ ఆపేసిన నెలన్నరకు నా గుండె దడదడలాడడం మొదలైంది, చేతులు వణికాయి, పరీక్ష చేస్తే టీఎస్‌హెచ్ 0.05కు పడిపోయింది. అప్పటిదాకా ఐరన్ తినేసిన మందంతా ఒక్కసారిగా నాకు అందిందన్నమాట. అమ్మ విషయంలో నాకు భయం కూడా ఇదే. ఈరోజు 100 చేసి, రేపు కాల్షియం వేళ మారిస్తే ఆ మందు ఎక్కువవుతుంది. ఎక్కువైన థైరాయిడ్ మందు ఎముకలను పలుచన చేస్తుంది, పెద్ద వయసులో గుండె లయ తప్పేలా చేస్తుంది. ఎముకల కోసం కాల్షియం మొదలుపెట్టి, చివరకు ఆ ఎముకలకే చేటు తెచ్చుకున్నట్లవుతుంది.

అందుకని అమ్మ చేత ఇలా చేయించండి. లేవగానే ఒక గ్లాసు మంచినీళ్ళతో మాత్ర ఒక్కటే వేసుకోవాలి. ఎలాగూ మీరు కరకచెట్టు పోలమాంబ గుడి మీదుగా బీచ్ రోడ్డుకు నడకకు వెళతారు కదా, అమ్మను కూడా వెంటబెట్టుకు వెళ్ళండి. తిరిగి వచ్చేసరికి గంట అవుతుంది, అప్పుడు కాఫీ, ఆ తరువాత అంబలి. కాల్షియం బిళ్ళ మధ్యాహ్నం భోజనం తరువాతకు మార్చండి. కాఫీ లేనిదే గడప దాటనని అమ్మ మొండికేస్తే, డాక్టరుగారిని అడిగి థైరాయిడ్ మాత్రనే రాత్రి పడుకునే ముందు, భోజనమై మూడు గంటలు గడిచాక వేసుకునే పద్ధతి పెట్టుకోవచ్చు. ఒక పూట మరిచిపోతే ఇల్లంతా గగ్గోలు పెట్టనక్కరలేదు. ఈ మందు రక్తంలో సగానికి తగ్గడానికే సుమారు వారం పడుతుంది.

ఆ వక్కపొడి డబ్బా మాత్రం దయచేసి తీసేయండి. సంక్రాంతికి దాని మూత తీస్తే అడుగున తెల్లటి పొడి కనిపించింది, ఒక మాత్రను వేళ్ళ మధ్య నొక్కితే సుద్దముక్కలా విరిగింది. ఈ మందుకు వేడి, చెమ్మ, వెలుతురు మూడూ పడవు. మన పెదవాల్తేరు గాలిలో ఉప్పు డబ్బాయే నీరు కారుతుంది, ఇక మాత్ర మాట చెప్పాలా. సీసాలోనే ఉంచి, మూత బిగించి, పొయ్యికి దూరంగా పడకగదిలో పెట్టండి.

అత్తయ్య చెప్పిందని క్యాబేజీ మానేశారట. ఉడికించిన క్యాబేజీ మామూలుగా తింటే ఏ నష్టమూ లేదు, అమ్మకు ఇష్టమైన కూర వండుకోనివ్వండి. అయోడిన్ ఉప్పు రెట్టింపు వేస్తే తగ్గుతుందన్న మాట కూడా నమ్మకండి. అమ్మకు మొదట్లో చేసిన యాంటీ టీపీఓ పరీక్ష పాజిటివ్ వచ్చింది. అంటే ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరపడి ఆ గ్రంథిని దెబ్బతీస్తోందన్నమాట. 1912లో జపాను వైద్యుడు హషిమోటో వర్ణించిన జబ్బు ఇది. ఇందులో లోపించింది అయోడిన్ కాదు. జుట్టు రాలుతోందని వదిన ఇచ్చిన బయోటిన్ మాత్రల విషయం వేరు: అవి కొన్ని యంత్రాలలో టీఎస్‌హెచ్‌ను ఉన్నదానికంటే తక్కువ చూపిస్తాయి, కాబట్టి పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపించి, లేబులో కూడా ఆ మాట చెప్పండి. అసలు జుట్టు రాలడం, మలబద్ధకం, కొలెస్ట్రాల్ పెరగడం, అన్నీ థైరాయిడ్ తగ్గినందువల్లే కావచ్చు. కొలెస్ట్రాల్‌కు కొత్త మందు మొదలుపెట్టే ముందు ఈ రిపోర్టు కూడా డాక్టరుగారికి చూపించండి.

“జీవితాంతం మాత్రేనా” అని అమ్మ నిట్టూర్చిందట. మేముండే ఈ ఊళ్ళోనే 1891లో జార్జ్ ముర్రే అనే వైద్యుడు 46 ఏళ్ళ ఒక రోగికి గొర్రె థైరాయిడ్ నుంచి తీసిన సారాన్ని సూదిద్వారా ఎక్కించాడు. అప్పటిదాకా ఈ జబ్బుకు మందే లేదు. ఆవిడ మరో 28 ఏళ్ళు, 74వ ఏట 1919లో పోయేదాకా, ఆ సారం వాడుతూనే బతికింది. గొర్రె సంగతి వింటే అమ్మ ఆరోజు అన్నం ముట్టదు, కనుక తనకు ఇప్పుడు ఇచ్చేది ఫ్యాక్టరీలో తయారైన మందేనని ముందుగా చెప్పి, ఆ తరువాత ఈ కథ చెప్పండి.

పద్ధతి మార్చిన రోజు క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోండి. ఆరు నుంచి ఎనిమిది వారాలు పోతే గాని టీఎస్‌హెచ్ కుదురుకోదు. మధ్యలో పరీక్ష చేయిస్తే డబ్బు దండుగ. ఈ రిపోర్టును, నేను రాసినదానిని ఈ వారమే డాక్టరుగారికి చూపించి, ఆయన సరేనంటే డిసెంబరు మొదటి పక్షంలో మళ్ళీ చేయించండి. ఈలోగా అమ్మకు ఆయాసం వచ్చినా, ముఖం బాగా ఉబ్బినా, మరీ మందకొడిగా మత్తుగా ఉన్నా ఆగకుండా తీసుకువెళ్ళండి. రక్తం ఇచ్చేది పోయినసారి ఇచ్చిన లేబులోనే, అదే ఉదయం వేళకే కానివ్వండి, టీఎస్‌హెచ్ పూటనుబట్టి మారుతుంది. ఆ ఉదయం మాత్ర రక్తం ఇచ్చాకే. ఫ్లాస్కులో కాఫీ పట్టుకెళ్ళినా మాత్ర తరువాత గంట ఆగాలని అమ్మకు గుర్తుచేయండి.

రిపోర్టు ఫొటో తీసేటప్పుడు కుడివైపున పరిధి రాసిన గడి కూడా పడేలా తీయండి. ఈసారి అక్కడ మీ బొటనవేలు ఉంది.

మీ పెద్దమ్మాయి