వేలిముద్రకు ముందు ప్రశ్న: 2024–25 వార్షిక నివేదిక

హెచ్‌ఐవీ నివారణకు పనిచేసే మన సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ఈసారి నివేదికలో ఎవరి పేరూ, ఫోటో లేవు. కిందటేడు ఫోటోలు వేశాం. అందులో ఒకటి ఎవరి ఫోన్ నుంచో ఊరికి చేరి, ఒక అక్క ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. ఆ తప్పు కార్యవర్గానిదే. ఆమెకు క్షమాపణ చెప్పుకున్నాం, ఇక్కడ మళ్లీ చెప్పుకుంటున్నాం.

కండోమ్‌లు పంచడం, పరీక్షకు తోడు వెళ్లడం, ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అదుపులో ఉంచే) మందులు మానేసిన వాళ్ల ఇళ్లకు వెళ్లి మాట్లాడడం ఎప్పటిలాగే జరిగాయి. ఈ ఏడాది కొత్తగా చేసింది ఒకటే. హెచ్‌ఐవీ నివారణ పరిశోధనలో చేరమని ఎవరైనా వస్తే ఏం అడగాలో నేర్చుకోవడం మొదలుపెట్టాం.

మొదటి సమావేశం పరిశోధన వాళ్లు అనంతపురంలో ఒక హోటల్ హాల్లో, పొద్దున పదకొండింటికి పెట్టారు. ఆ టైముకి రాత్రి పని చేసిన అక్కలు నిద్రలో ఉంటారు. హిజ్రా చెల్లెళ్లు షాపుల వెంట వెళ్లి ఉంటారు, కూలికి పోయేవాళ్లు వేరుశనగ చేలో ఉంటారు. వచ్చినవాళ్లలో సగం మంది స్వచ్ఛంద సంస్థల సిబ్బందే. "సముదాయం స్పందించలేదు" అని రాసుకుని పోబోతుంటే మేమే ఆపి, రాత్రి ఎనిమిదింటికి మన ఆఫీసుకు రమ్మన్నాం. వచ్చారు. ఉగ్గాణి, బజ్జీ తింటూ పదిన్నర దాకా కూర్చున్నారు. ఆ మాత్రం గౌరవం ఇచ్చినందుకు వాళ్లకు థ్యాంక్స్ చెప్పాలి.

ఆ రాత్రి ఒక నమూనా సమ్మతి ఫారం చదివాం. చదివాం అనడం కంటే కుస్తీ పట్టాం అనాలి. 'యాదృచ్ఛికంగా' అన్న మాట దగ్గర అందరూ ఆగిపోయారు. "చీటీలు తీసినట్టా?" అని ఒక పెద్దక్క అడిగింది. అవును, అదే. ఎవరికి ఏ మందు అన్నది చీటీలో వచ్చినట్టే వస్తుంది, డాక్టర్ కోరి ఇచ్చేది కాదు. 'ప్లాసిబో' అంటే మందు లేని ఉత్త మాత్ర అని తెలిశాక ఇంకో ప్రశ్న వచ్చింది: "మందు పడుతోందని కండోమ్ మానేస్తే, అది ఉత్త మాత్రయితే నా గతేంటి?" ఇలాంటి ప్రశ్న ఫారం రాసేటప్పుడే రావాలి. రాసేటప్పుడు మనం అక్కడ ఉండం కాబట్టి రాదు.

వీడియో గురించి అందరికీ టెన్షన్ ఉంది. కొత్త మందు ట్రయల్‌లో బలహీన స్థితిలో ఉన్నవాళ్ల సమ్మతిని వీడియో తీయాలని 2019 నాటి క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు చెబుతాయి. హెచ్‌ఐవీ మందులకు మాత్రం ఆడియో రికార్డింగ్ ఒక్కటే చాలు. ఈ సంగతి మనలో ఒక్కరికీ తెలియదు. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. మనం అర్థం చేసుకుని ఒప్పుకుంటే తప్ప మన మీద పరీక్ష గానీ పరిశోధన గానీ చేయకూడదని 2017 హెచ్‌ఐవీ చట్టం చెబుతోంది.

ఖమ్మం సంగతి పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 2009లో అక్కడి గిరిజన ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) వేసినప్పుడు చాలా ఫారాల మీద హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టేశారు. మరుసటి ఏడాది దాన్ని ఆపేశారు. ఇక కంబోడియాలో 2004లో హెచ్‌ఐవీ రాకుండా ఆపుతుందేమో చూసే టెనోఫోవిర్ మాత్ర ట్రయల్ మొదలయ్యేలోపే సెక్స్ వర్కర్ల సంఘం అడ్డం తిరిగింది. దుష్ప్రభావాలు వస్తే ఏళ్ల తరబడి వైద్యం ఎవరు చేయిస్తారు, బీమా ఏది అని అడిగారు. ప్రభుత్వం ట్రయల్‌ని ఆపేసింది. ఇలాంటి గొడవల తర్వాతే, సముదాయాన్ని మొదటి నుంచీ కలుపుకుపోవాలంటూ ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ విభాగం 2007లో మార్గదర్శకాలు తెచ్చింది.

అలాగని పరిశోధన అంటేనే వద్దు అనే సభ్యులతో మేం ఏకీభవించం. దూరంగా ఉంటే నష్టం మనకే. 2019లో అమెరికాలో ఒక నివారణ మాత్రకు అనుమతి ఇచ్చినప్పుడు స్త్రీలను పక్కన పెట్టారు, ఎందుకంటే ట్రయల్‌లో వాళ్లను చేర్చుకోనే లేదు. దానికి ఎదురుగా లెనకాపవిర్ ఉంది, ఆరు నెలలకో ఇంజెక్షన్. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో ఆడపిల్లల మీదే ట్రయల్ చేశారు. మధ్యలో గర్భవతులైన వాళ్లను కూడా వెళ్లగొట్టలేదు. ఆ ఇంజెక్షన్ తీసుకున్న 2,134 మందిలో ఒక్కరికీ హెచ్‌ఐవీ రాలేదని 2024లో తేలింది. దాన్ని చవకగా తయారుచేసే లైసెన్స్ పొందిన కంపెనీల్లో హైదరాబాద్‌కి చెందిన డాక్టర్ రెడ్డీస్, హెటెరో కూడా ఉన్నాయి. తయారీ మన పక్కనే, మన చేతికి ఎప్పుడొస్తుందో మాత్రం అడుగుతూనే ఉండాలి.

చేయలేకపోయినవి చాలా ఉన్నాయి. తండాలకు ఒక్కసారి కూడా వెళ్లలేదు. బెంగళూరుకు వలస పోయిన మగవాళ్లు పండక్కి తప్ప దొరకరు, పండగ రోజు ఈ మాట ఎత్తబుద్ధి కాలేదు. 1988 నుంచి నిషేధ చట్టం ఉన్నా బసివినిగానే (దేవుడి పేరున వదిలేసిన ఆడదిగా) బతుకుతున్న అక్కలతో మాట్లాడబోయి, పద్ధతి తెలియక వెనక్కి వచ్చాం. వాళ్లలోంచే ఒకరు కార్యవర్గంలో ఉంటే తప్ప ఇది జరగదని నా అభిప్రాయం. కోశాధికారి ఒప్పుకోవడం లేదు, సర్వసభ్య సమావేశంలో తేల్చండి.

జమాఖర్చులు విడిగా ఆఫీసు గోడకు అంటించాం.

అర్థం కాకుండా సంతకమో వేలిముద్రో వేసిన పాత ఫారాలు ఎవరి దగ్గరైనా ఉంటే సమావేశానికి తెండి. కూర్చుని చదివి చెబుతాం. అది కూడా రాత్రి ఎనిమిదింటికే.

– కార్యదర్శి