ఎర్రగీత కనబడితే కంగారు పడకు

చిరంజీవి లక్ష్మిని దీవించి నాన్న వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. పెద్దత్తకు మోకాలి నొప్పి తగ్గింది, మేడమీది గది తలుపు కూడా బాగు చేయించాను. నీ దగ్గర నుంచి కబురు లేక 22 రోజులైంది. నీ ఫోనుపై ఎవరో నిఘా పెట్టారన్న అనుమానంతో దాన్ని ఆపేసి ఉంచుతున్నావని మొన్న రఘు మాటల మధ్యలో అన్నాడు. వాడు పొరబడి ఉండవచ్చు; నిజమే అయితే మాత్రం, మౌనంగా కూర్చోవడం కంటే పరీక్షించి తేల్చుకోవడం మేలు.

పాత తరం నెట్‌వర్క్ అయిన 2జీలో టవరు ఫోనును గుర్తింపు అడుగుతుందే గాని, తాను అసలైన టవరునని ఫోనుకు రుజువు చూపదు. అసలు టవరులా నటించి ఫోన్లను తమవైపు లాక్కునే నకిలీ టవర్లకు ముఖ్యమైన ఆసరా ఆ లోపమే. ఆండ్రాయిడ్ 12 నుంచి చాలా ఫోన్లలో 2జీని ఆపే మీట సెట్టింగులలోనే ఉంది కనుక, ముందు ఆ పని చెయ్యి. అత్యవసర కాల్స్‌కు అడ్డురాదు.

అలాంటి నకిలీ టవర్లను పసిగట్టడానికి, డిజిటల్ హక్కుల కోసం పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ 2025లో ఉచితంగా విడుదల చేసిన రేహంటర్ అనే సాఫ్ట్‌వేర్‌ను ఆర్బిక్ వారి చవక హాట్‌స్పాట్‌లో (సిమ్‌తో వైఫై ఇచ్చే చిన్న పెట్టె) ఎక్కించి నేనూ ఒకటి సిద్ధం చేశాను. అనుమానాస్పదమైనది ఏమీ లేనంతవరకు తెరపై పచ్చగీత ఉంటుంది. కొన్నాళ్లు సొరుగులో పడేసి, ఒక రాత్రి మళ్లీ వెలిగించగానే గీత ఎర్రబడింది. నువ్వే గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. దాన్ని పట్టుకుని మేడమీదికి, వీధి గుమ్మంలోకి తిరిగాను. మీ అమ్మ లేచి కోప్పడింది. తెల్లవారాక రికార్డు దింపుకొని చూస్తే, వెలిగించిన వెంటనే టవరు ఒక్కసారి సిమ్ గుర్తింపు సంఖ్యను అడిగింది, అంతే. కొత్తగా చేరిన పరికరాన్ని పోల్చుకోలేనప్పుడు అసలైన టవరు కూడా అలా అడుగుతుంది. కాబట్టి ఒక్క ఎర్రగీతతో బెంబేలు పడకు. తేదీ, సమయం, చోటు రాసిపెట్టుకో. అదే చోట మళ్లీ మళ్లీ వస్తూ, 2జీకి దించే ప్రయత్నమూ కనబడితే అప్పుడు అనుమానించు.

ఫోను లోపలే నిఘా సాఫ్ట్‌వేర్ ఉంటే పచ్చగీత చూసి ధైర్యపడటానికి లేదు. 2021లో మానవ హక్కుల సంస్థ అమ్నెస్టీ ఇంటర్నేషనల్ విడుదల చేసిన ఎంవీటీ అనే పరీక్షా సాధనం అలాంటి సాఫ్ట్‌వేర్ జాడల కోసం ఐఫోన్ బ్యాకప్‌లో వెతుకుతుంది, అయితే తెలిసిన ఆనవాళ్లనే పట్టగలదు. ఈ మధ్య నీ ఫోను ఎవరి చేతికైనా ఇచ్చావా? ఆండ్రాయిడ్ ఫోనైతే, తెరమీద ఉన్నది చదవనిచ్చే యాక్సెసిబిలిటీ అనుమతి ఏ యాప్‌లకు ఉందో ఒక్కొక్కటీ చూడు, తెలియనిది ఉంటే తొలగించే ముందు దాని చిత్రం తీసి దాచు. రాత్రివేళ కళ్లజోడు లేకుండా మాత్రం ఈ పనులు పెట్టుకోకు.

ఆ హాట్‌స్పాట్‌ను మెత్తటి గుడ్డలో చుట్టి రఘు చేతికిస్తున్నాను, ఛార్జరు విడిగా ఉంది. అందిన రోజున, ఎవరి ఫోను నుంచైనా సరే, మీ అమ్మతో ఒక్క మాట మాట్లాడు.

ఆశీస్సులతో,
నాన్న