సెలవుల్లో ఆడపిల్లల అవసరం

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

వేసవి సెలవులు దగ్గరకొచ్చాయి. ఈ ఉత్తరం ఆరో తరగతి, ఆ పైన చదివే ఆడపిల్లలున్న ఇళ్లకు, వాళ్ల నెలసరి గురించి, అప్పుడు వాడే ప్యాడ్ల గురించి. నాన్నలూ చదవాలి.

2018 నుంచి ఒడిశా ప్రభుత్వం 'ఖుషీ' పథకం కింద సర్కారు, ఎయిడెడ్ బళ్లలో 6 నుంచి 12వ తరగతి ఆడపిల్లలకు ప్యాడ్లు ఉచితంగా ఇస్తోంది. అవి అందేది బడిలోనే. 2020 మార్చిలో బడి మూసేసరికి పిల్లల చేతికి ప్యాడ్లు రావడమూ ఆగింది. ప్యాడ్లు కూడా నిత్యావసరాలేనని కేంద్రం చెప్పింది మార్చి 29న, లాక్‌డౌన్ మొదలైన నాలుగు రోజులకు. చెప్పినా ఏం లాభం? పర్లాకిమిడిలో కూలి పనులు నిలిచిపోయాయి, సరిహద్దు దాటి ఆంధ్రాలోని పాతపట్నం వెళ్లే దారి బందయింది. ఉన్న డబ్బు బియ్యానికీ నూనెకీ పోయింది. ఆడవాళ్లు పాత చీరలు చింపుకున్నారు.

పాత చీర వాడటం తప్పేం కాదు. నూలు గుడ్డను సబ్బుతో ఉతికి ఎండలో ఆరేస్తే నిక్షేపంగా వాడుకోవచ్చు. చిక్కంతా ఆరేసే దగ్గరే. వలస వెళ్లిన మగవాళ్లు సూరత్ నుంచి తిరిగొచ్చారు, ఇంటిల్లిపాదీ ఒక్క గదిలోనే. దండెం మీద ఆ గుడ్డ వేసే ధైర్యం ఎవరికుంటుంది? మంచం కింద, తడి లంగా మాటున దాచి, ఆరీ ఆరకుండానే మళ్లీ పెట్టుకున్నారు. దురద, ఒరుపు వచ్చినా కరోనా రోజుల్లో ఆస్పత్రి గడప ఎక్కాలంటే భయం. మన జిల్లాల్లో బళ్లే క్వారంటైన్ కేంద్రాలయ్యాయి కదా, అక్కడ ఉండాల్సి వచ్చిన ఆడకూలీల అవస్థ మీరే ఊహించుకోండి.

సెలవులంటే బడి మళ్లీ మూతే. అందుకే ఆఖరి పనిదినం లోపు పిల్లలు క్లాస్ టీచరమ్మ దగ్గర సెలవులకు సరిపడా ప్యాడ్లు తీసుకోవాలి. నల్ల కవరులో పెట్టుకెళ్లినా మాకు అభ్యంతరం లేదు. చాలకపోతే చవక మందులు అమ్మే జన ఔషధి దుకాణంలో 'సువిధ' ప్యాడ్ ఒక్కోటి రూపాయికే దొరుకుతుంది.

నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చుకోవాలి. వాడినవి కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేయాలి. మరుగుదొడ్లో వేస్తే ఏమవుతుందో ఈ ఏడాది మా పైపులే చెప్పాయి.

ముట్టయిన పిల్లను విడిగా కూర్చోబెట్టే ఇళ్లున్నాయి. మీ ఆచారంతో తగవుకు రాను. నీళ్లకూ సబ్బుకూ మాత్రం దూరం పెట్టకండి. పెరట్లో ఎండ తగిలే చోట తనకో తాడు కట్టించండి.

పిల్ల రాలేకపోతే అమ్మ గానీ నాన్న గానీ వచ్చి, రిజిస్టర్లో సంతకం పెట్టి ప్యాడ్లు తీసుకెళ్లవచ్చు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు