మన సంఘం వార్షిక నివేదిక 2024-25: కరెంటు ప్యానెళ్లలో నీళ్ల సంగతి

సభ్యులందరికీ నమస్కారం అండి. ప్రతి ఏడూ ఈ నివేదికలో మీటింగులు, సభ్యత్వాలు, చవితి పందిరి అని రాసుకుంటాం కదా, ఈసారి వాటికి ఒక్క లైను చాలు. జనరల్ బాడీ జరిగింది, లెక్కలు కోశాధికారి గారు విడిగా చదువుతారు, చవితి మాత్రం చెయ్యలేదు. సెప్టెంబర్ 7న పండగొచ్చింది, అప్పటికింకా విజయవాడ సింగ్‌నగర్ వైపు వరద నీళ్లు తియ్యలేదు, పందిరి కోసం పోగేసిన డబ్బులు పెట్టి రెండు మెగ్గర్లు (ఇన్సులేషన్ పరీక్షించే మీటర్లు), ఆరబెట్టడానికి నాలుగు బ్లోయర్లు కొన్నాం. దీని మీద కొందరు అలిగారు, తెలుసు.

జరిగింది మీకు కొత్తగా చెప్పేదేముంది. ఆగస్టు 31 నుంచి వాన, సెప్టెంబర్ 1కి బుడమేరు వాగు ఊళ్లో ఉంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిందని అందరం కృష్ణ వైపే చూస్తూ కూర్చున్నాం, మనోళ్ల షెడ్లు ముంచిందేమో వెనకనుంచి వచ్చిన బుడమేరు. ఆటోనగర్‌లో ఉన్నోళ్లం బతికిపోయాం గానీ సింగ్‌నగర్, పాయకాపురం వైపు పిండిమిల్లులు, వాటర్ ప్లాంట్లు, ప్రెస్సులు నడుపుకునే సభ్యులు రోజుల తరబడి తలుపు కూడా తియ్యలేకపోయారు.

నీళ్లు తీశాక మేం మొదట వెళ్లింది ఒక పిండిమిల్లుకి. మోటారు నడిపే స్టార్టర్ ప్యానెల్ తలుపు తీస్తే నడుము ఎత్తున బురద గీత, స్కేలు పెట్టి గీసినట్టు. కింద కేబుళ్లు లోపలికొచ్చే గ్లాండ్ ప్లేట్ మీద బెత్తెడు మెత్తటి ఒండ్రు, అందులో చచ్చిన కప్ప. ఎంసీసీబీ, అంటే మెయిన్ బ్రేకరు, మాత్రం పైకి శుభ్రంగా ఉంది, లివర్ టక్కుమని పడుతోంది, ఓనరు గారు ‘ఇది బానే ఉందిగా అబ్బాయ్, కడిగి పెట్టేద్దాం’ అన్నారు. ఊడదీసి తలకిందులు చేస్తే టీ రంగు నీళ్లు కారినయ్, చూశాక ఇంకేం మాట్లాడలేదు ఆయన.

ఈ సంవత్సరం కమిటీలో అసలు గొడవంతా దీని మీదే. ఎంసీసీబీ, ఎంసీబీ, ఆర్సీసీబీ, కాంటాక్టర్, ఓవర్‌లోడ్ రిలే, టైమరు, ఫ్యూజు, కెపాసిటరు, డ్రైవ్ (మోటారు వేగం మార్చే ఎలక్ట్రానిక్ బాక్సు) కార్డులు, ఇలా కరెంటు కలిపే, తీసే, కాపాడే సామాన్లు మునిగితే పారెయ్యాల్సిందే అని నేనంటాను. బ్రేకరు లోపల స్ప్రింగులు, ఆర్క్ చూట్ (మెరుపుని ఆర్పేది), ట్రిప్ యూనిట్ (షార్ట్ వస్తే కొట్టేసేది) ఉంటాయి, బురద నీళ్లు పోయి కూర్చుంటే ఎండబెట్టినా ఉప్పూ తుప్పూ అక్కడే ఉంటాయి, రోజూ ఆన్ ఆఫ్ అవుద్ది, షార్ట్ వచ్చిన రోజు మాత్రం ట్రిప్ అవదు. అంత డబ్బెక్కడిది అని ఎదురడిగారు, అదీ నిజమే, నా దగ్గర జవాబు లేదు. కానీ రెండ్రోజులు ఎండలో పెట్టి చార్జ్ చేసిన ఒక సభ్యుడి బోర్డు పది నిమిషాల్లో పేలింది, అదృష్టం కొద్దీ ఎదురుగా మనిషి లేడు. కడిగిన బ్రేకర్లని కొత్తవాటిలా అమ్మేవాళ్లని సంఘం వెనకేసుకురాదు అని తీర్మానం రాసుకున్నాం.

పనికొచ్చేవి కూడా చాలానే ఉన్నాయి. రేకు బాక్సు, బస్‌బార్లు (కరెంటు పంచే రాగి, అల్యూమినియం పట్టీలు) మంచినీళ్లతో కడిగి ఆరబెట్టుకోవచ్చు, చిలుము పట్టిన చోట గీకి శుభ్రం చేసుకోవాలి, సపోర్టులు చెమ్మ పీలిస్తే మార్చాలి. మోటార్లు విప్పి, కడిగి, ఓవెన్‌లో ఆరబెట్టి, బేరింగులు మార్చి చాలావరకు మళ్లీ తిప్పాం. ఎల్టీ (లో టెన్షన్) సరుకైతే 500 వోల్టుల మెగ్గరు పెట్టండి, ఇన్సులేషన్ ఒక మెగోమ్ కూడా రాకపోతే సప్లై ఇవ్వొద్దు. డ్రైవ్ ముట్టుకునే ముందు కరెంటు తీసేశాక కనీసం పది నిమిషాలు ఆగి, డీసీ బస్ (లోపల చార్జ్ నిలిచే చోటు) మీద మీటరు పెట్టి చూడండి. జనరేటరు, సోలారు ఉన్నోళ్లు అవీ విడదీయాలి, మెయిన్ తీశాం కదా అనుకుంటే అటునుంచి కరెంటు రివర్స్ వస్తది.

వరద అయిపోయాక శీతాకాలంలో మునగని యూనిట్లు కూడా తిరిగాం, మాకు ఎక్కువ సిగ్గేసింది అక్కడే. వరద లేకుండానే సగం బోర్డుల్లో చెమ్మ, టెర్మినళ్లకి చిలుము, తలుపు లోపలివైపు నీటి జాడలు. బాక్సు మీద ఐపీ 65 అని (దుమ్మూ నీళ్లూ ఎంత ఆపుతుందో చెప్పే నంబరు) స్టిక్కరుంది, దాని పైరేకుకేమో మనమే రంధ్రం వేసి గ్లాండ్ (కేబుల్ చుట్టూ సందు మూసే బిగింపు) లేకుండా కేబుల్ దింపాం. ఆ రంధ్రం వేసినోళ్లలో నేనూ ఉన్నాను, మూడేళ్ల కిందట ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్ కోసం, ‘తర్వాత గ్లాండ్ పెడదాంలే’ అనుకుని. ఇంకోచోట బోర్డు తలుపుకున్న నాలుగు క్లాంపుల్లో రెండే బిగించి రోజూ పైపుతో ఫ్లోరంతా కడుగుతున్నారు. ఐపీ 65 అంటే జల్లు తట్టుకుంటది, మునిగితే తట్టుకోదు, ఐపీ 67 అయినా మీటరు లోతులో అరగంట వరకే. వారం రోజులు నిలిచే నీళ్లకి నంబరు పనిచెయ్యదు, ఎత్తు పనిచేస్తుంది. అందుకే కొత్తగా పెట్టే ప్రతి ప్యానెల్‌కి గోడ మీద ఆ బురద గీత చూసి, దానికి పైన ప్లాట్‌ఫాం కట్టమని చెబుతున్నాం.

రంధ్రాలేం లేకుండా టైటుగా మూసిన బాక్సులో నీళ్లెట్లా వచ్చినయ్ అని చాలామంది అడిగారు. మధ్యాహ్నం ఎండకి లోపల గాలి వేడెక్కి బయటికి పోద్ది, సాయంత్రం వాన పడగానే రేకు చల్లబడి లోపల గాలి ముడుచుకుంటది, అప్పుడు గట్టిపడిపోయిన గ్యాస్కెట్ (తలుపు చుట్టూ ఉండే రబ్బరు) సందులోంచి చెమ్మ గాలినే కాదు, తలుపు అంచున నిలిచిన నీళ్లని కూడా పీల్చేస్తది. తెల్లారి చూస్తే పైరేకు లోపలివైపు బొట్లు, అవి తిన్నగా కాంటాక్టర్ మీద పడతాయి. దీనికి సిలికాన్ పూసి ఇంకా మూసేస్తే లాభం లేదు, వచ్చిన నీళ్లు పోవడానికి కింద బ్రీదర్ డ్రెయిన్ ఉండాలి, చెమ్మ పట్టకుండా థర్మోస్టాట్ పెట్టిన చిన్న స్పేస్ హీటరుండాలి, కేబుల్ కిందనుంచే రావాలి, పక్కనుంచి వస్తే ముందు కాస్త కిందికి వేలాడేసి పైకి తిప్పాలి. అండర్‌గ్రౌండ్ పైపు నోరు మూయకపోతే రోడ్డు మీద నీళ్లన్నీ ఆ పైపులోంచే బోర్డులోకొస్తాయి, ఒకచోట మాకు బల్లులు, చీమలు కూడా అదే దారిలో దొరికినయ్.

వచ్చే ఏడాదికి పెద్ద ప్లానులేం లేవు. వానలు మొదలయ్యేలోగా, అంటే మే నెలాఖరుకల్లా, ప్రతి సభ్యుడి యూనిట్లో గ్యాస్కెట్ వేలితో నొక్కి చూడటం, ఖాళీ రంధ్రాలకి బ్లాంకింగ్ ప్లగ్గులు వెయ్యటం, హీటర్లు వేడెక్కుతున్నాయో లేదో చూడటం. ప్లగ్గులు సంఘం ఖర్చుతో కొని ఆఫీసు గదిలో పెట్టాం, సైజు చెప్పి తీసుకెళ్లండి. ఇంకోటి, కొన్న రెండు మెగ్గర్లలో ఒకటి కనబడట్లేదు, పుస్తకంలో సంతకం లేదు, ఎవరి షెడ్లో ఉందో దయచేసి ఆదివారం లోపు తెచ్చివ్వండి.