పిల్లలున్నారు, నీళ్ళే లేవు: వర్జీనియాలోని లౌడన్ కౌంటీ బోర్డు చైర్‌కి బహిరంగ లేఖ

మేడమ్, నమస్కారం.

మన హైస్కూల్ పిల్లల ఈతకి చలికాలంలో పూల్స్ చాలట్లేదని రాస్తున్న ఉత్తరం ఇది, తెలుగులో. మీకు తెలుగు రాదని తెలుసు, అందుకే ఇంగ్లీషు కాపీ మీ ఆఫీసుకి విడిగా పంపుతున్నాను, మా అమ్మాయే తప్పులు దిద్దిపెట్టింది. మరి తెలుగులో ఎందుకంటే, జనవరి చలిలో రాత్రి తొమ్మిదింటికి రెక్ సెంటర్ (ఇండోర్ పూల్ ఉన్న పబ్లిక్ ఆటల కేంద్రం) పార్కింగ్‌లో కార్లో హీటర్ వేసుకుని, తడి జుట్టుతో బయటికొచ్చే పిల్లల కోసం కూర్చునే వాళ్ళలో మావాళ్ళు బోలెడు మంది. ఆష్‌బర్న్, ఆల్డీ, సౌత్ రైడింగ్ వాళ్ళంతా అక్కడే కనిపిస్తారు. కార్లో కూర్చుని గంటసేపు గొణుక్కుంటారు కానీ, బోర్డు మీటింగ్‌కి వచ్చి మైకు ముందు రెండు నిమిషాలు మాట్లాడమంటే ఒక్కరూ కదలరు. నేనూ కదల్లేదు, ఇన్నాళ్ళూ. ఇది చదివాకైనా నాతో పాటు ఓ పదిమంది వస్తారేమోనని ఆశ.

ముందు నా సంగతి చెప్తాను. మాది తెనాలి పక్కన ఒక పల్లె. జూన్‌లో కాలవలకి నీళ్ళు వదలగానే మా అన్నయ్య నడుముకి ఎండు సొరకాయ బుర్రలు కట్టుకుని దూకేవాడు, వారం తిరిగేసరికి బుర్రలు లేకుండానే అవతలి గట్టుకి పోయొచ్చేవాడు. నేను ఇవతలి గట్టు మీద వాడి చొక్కాకీ చెప్పులకీ కాపలా. ఆడపిల్లకి కాలవలో ఈతేంటే అనేది నాయనమ్మ. అంతే, నాకిప్పటికీ ఈత రాదు. అలాంటిదాన్ని ఇప్పుడు మా అమ్మాయి హైస్కూల్ మీట్లలో, అంటే ఈత పోటీల్లో, వాలంటీర్ టైమర్‌ని. చేతిలో స్టాప్‌వాచ్, మెళ్ళో పెన్ను, పూల్ అంచున నిలబడితే ప్రతి డైవ్‌కీ షూ తడిసిపోతాయి. ఐదేళ్ళ క్రితం హీట్ (ఒక ఈవెంట్‌లో ఒకేసారి ఈదే ఒక్కో బ్యాచ్) అంటే ఏంటో, రిలే టేకాఫ్ అంటే ఏంటో తెలియని దాన్ని, ఇవాళ పక్క లేన్ టైమర్ వాచీ ఒక సెకను ఆలస్యంగా నొక్కితే కనిపెట్టేస్తున్నాను. ఇక్కడ హైస్కూల్ ఈత గజాల్లో ఉంటుంది, 25 గజాల పూల్, మా ఊళ్ళో ఇళ్ళ స్థలాలు కొలిచే గజాలే. 500 గజాల ఫ్రీస్టైల్ అంటే 20 లెంగ్తులు, ఈ చివర నుంచి ఆ చివరకి 20 సార్లు. అవతలి చివర టీమ్‌మేట్ ఒకరు నంబరు పలకని నీళ్ళలో ముంచి ఎన్నో లెంగ్తో చూపిస్తూ ఉంటారు, ఆఖరి లెంగ్తుకి పలక అంతా నారింజ రంగు. నాకు ఆ రంగు కనబడితే ఇప్పటికీ కడుపులో ఏదో అవుతుంది, ఈదేది మా పిల్ల కాకపోయినా సరే.

ఇక అసలు విషయానికొస్తాను. ఈ కౌంటీలో ఈత ఇంతగా ఎందుకు పెరిగిందో మీకు తెలిసే ఉంటుంది, అయినా ఒకసారి చెప్పుకుందాం, ఎందుకంటే ఇబ్బంది కూడా అక్కడే మొదలైంది. 2000 జనాభా లెక్కల్లో లౌడన్ జనం 1,69,599. 2020కి 4,20,959. ఇరవై ఏళ్ళలో రెండున్నర రెట్లు. బ్రాంబుల్టన్, బ్రాడ్‌లాండ్స్, సౌత్ రైడింగ్ లాంటి పెద్ద కాలనీలు కట్టిన బిల్డర్లు ఇళ్ళతో పాటు ఆరుబయట పూల్ కూడా కట్టారు, పూల్ ఉన్నాక వేసవి టీమ్ పెట్టారు. ఓల్డ్ డొమినియన్ స్విమ్ లీగ్ పేరు వినని తల్లిదండ్రులు ఇక్కడ తక్కువ. ఆరేళ్ళ పిల్లలు చేతి మీద షార్పీ పెన్నుతో ఈవెంట్ నంబరు, హీటు, లేను రాయించుకుని శనివారం పొద్దున్నే బారులు తీరతారు. అక్కడ ఈత మరిగిన పిల్లలు తొమ్మిదో తరగతికి వచ్చేసరికి హైస్కూల్ టీమ్‌లో చేరాలనుకుంటారు, ఎందుకు అనుకోరు?

తమాషా ఏంటంటే, హైస్కూల్ ఈత చలికాలపు ఆట. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా. ఆ నాలుగు నెలలూ ఆరుబయటి కాలనీ పూల్స్ మీద టార్పాలిన్ కప్పేసి ఉంటుంది. సెప్టెంబర్ మొదట్లో వచ్చే లేబర్ డేతో సరి. అంటే వేసవిలో ఎటు చూసినా నీళ్ళున్న కౌంటీలో, పిల్లలకి అసలు సీజన్ వచ్చేసరికి మిగిలేవి నాలుగు గోడల మధ్య ఉన్న కాసిని లేన్లు. పూల్ పక్కనుంచే స్కూల్ బస్సు వెళ్తుంది, కిటికీలోంచి చూస్తే నీలం టార్పాలిన్ మీద ఎండాకులు.

2012లో జాన్ చాంప్, 2014లో రాక్ రిడ్జ్, 2015లో రివర్‌సైడ్, 2019లో ఇండిపెండెన్స్, 2020లో లైట్‌రిడ్జ్. ఎనిమిదేళ్ళలో ఐదు కొత్త హైస్కూళ్ళు కట్టుకున్నాం. గొప్ప విషయమే. ప్రతిదానికీ ఫుట్‌బాల్ స్టేడియం ఉంది, లైట్లున్నాయి, బాస్కెట్‌బాల్‌కి జిమ్ ఉంది. దేనికీ పూల్ లేదు. పాతవి కూడా కలిపితే మొత్తం 17 హైస్కూళ్ళు, ఒక్కదానికీ లేదు. టీమ్‌లు మాత్రం ఉన్నాయి.

నేను సాఫ్ట్‌వేర్ మనిషిని, లెక్క వేయకుండా ఉండలేను. ఒక్కో స్కూల్ టీమ్‌లో 40 మంది అనుకుందాం, 17 స్కూళ్ళకి 680 మంది. ఒక లేన్‌లో ఆరుగురు ఒకరి వెనక ఒకరు తిరిగితే, ఎనిమిది లేన్ల పూల్‌లో ఒకేసారి 48 మంది. అంటే రోజూ అందరికీ ప్రాక్టీస్ దొరకాలంటే 14 నుంచి 15 విడతలు కావాలి. స్టెర్లింగ్‌లో క్లాడ్ మోర్, సౌత్ రైడింగ్‌లో డల్లెస్ సౌత్, లీస్‌బర్గ్‌లో ఐడా లీ, ఈ మూడిట్లో సర్దామనుకోండి, ఒక్కోచోట ఐదు విడతలు, విడతకి గంటన్నర. స్కూళ్ళు నాలుగు దాటాక వదులుతారు కాబట్టి ఐదింటికి మొదలుపెడితే చివరి పిల్లలు నీళ్ళలోంచి లేచేసరికి రాత్రి పన్నెండున్నర. అదీ మొత్తం పూల్ ఈ టీమ్‌లకే ఇచ్చేస్తే. మరి చిన్నపిల్లల ఈత క్లాసులు ఎక్కడ? మోకాళ్ళ నొప్పులకి నీళ్ళలో నడిచే మా అత్తగారి లాంటి వాళ్ళు ఎక్కడ? వాళ్ళూ పన్ను కట్టేవాళ్ళే కదా. కొన్ని విడతలు తెల్లారుజామున ఐదింటికి పెట్టుకోవచ్చు, పెట్టుకుంటున్నారు కూడా. అయినా లెక్క తేలదు. అందుకే రోజూ ప్రాక్టీస్ అనేది మాకు కలే. రెక్ సెంటర్ వాళ్ళనీ, షెడ్యూల్ వేసే వాళ్ళనీ నేనేమీ అనను. ఉన్న గిన్నెలో ఎంత పడుతుందో అంతే వడ్డిస్తారు.

దీనివల్ల పోతున్నదేంటో ఒక పిల్ల కథ చెప్తే తెలుస్తుంది. మా అమ్మాయి స్నేహితురాలు ఒకమ్మాయి, పద్నాలుగేళ్ళప్పుడు హైదరాబాద్ నుంచి వచ్చింది. అక్కడ వాళ్ళ అపార్ట్‌మెంట్ పూల్‌లో ఈత నేర్చుకుంది, బ్రెస్ట్‌స్ట్రోక్ బాగా చేస్తుంది, ఫ్లిప్ టర్న్, అంటే గోడ దగ్గర నీళ్ళలో పల్టీ కొట్టి వెనక్కి తిరగడం, మాత్రం రాదు. ట్రయౌట్స్‌కి, అంటే టీమ్ ఎంపికకి, వెళ్ళింది. లేన్లు తక్కువ కాబట్టి టీమ్‌లో ఇంతమందే అని పరిమితి, కాబట్టి టైమ్ చూసి తీసుకుంటారు, కాబట్టి ఈ పిల్లకి చోటు రాలేదు. వచ్చిన వాళ్ళలో దాదాపు అందరూ ఏడాది పొడుగునా క్లబ్‌లో ఈదే పిల్లలే, మా అమ్మాయితో సహా. క్లబ్ అంటే ఏడాదికి వేల డాలర్లు, పైగా వారానికి ఐదు రోజులు డ్రైవ్ చేసే మనిషి ఇంట్లో ఉండాలి. మా ఇంట్లో నేనున్నాను. ఆ పిల్ల వాళ్ళమ్మ రెండు ఉద్యోగాలు చేస్తుంది. పబ్లిక్ స్కూల్ ఆట అంటే డబ్బు లేకపోయినా లోపలికి రానిచ్చే తలుపు అనుకుంటాం. ఇక్కడ అది ఇప్పటికే డబ్బు కట్టిన వాళ్ళకిచ్చే ప్రైజ్ అయిపోయింది. ఆ పిల్ల ఇప్పుడు టీమ్ మేనేజర్. క్లిప్‌బోర్డు పట్టుకుని టైమ్‌లు రాస్తుంది, నా పక్కనే నిలబడుతుంది. చక్కటి చేతిరాత. తను నీళ్ళ వైపు చూసే చూపు నాకు తెలుసు, గట్టు మీద చొక్కా పట్టుకుని నిలబడ్డ దాన్ని కదా.

నిజం చెప్పాలి కాబట్టి ఒకటి ఒప్పుకుంటాను. మా తెలుగువాళ్ళలో చాలామందిమి పిల్లల్ని ఈతలో పెట్టింది కాలేజీ అప్లికేషన్‌లో ఒక లైను కోసమే. నేనూ అంతే. తర్వాత పిల్ల మారింది, నేనూ మారాను. మార్కులు ఒకటి తగ్గితే టెన్షన్ పడే పిల్ల, 100 ఫ్లైలో (100 గజాల బటర్‌ఫ్లై) చివరొచ్చి నవ్వుకుంటూ బయటికి రావడం చూశాక ఆ లైను సంగతి మర్చిపోయాను.

మీకు ఈ ఊరి చరిత్ర నాకంటే బాగా తెలుసు. లీస్‌బర్గ్‌లో ఫైర్ కంపెనీ వాళ్ళ పూల్ ఒకటుండేది, తెల్లవాళ్ళకి మాత్రమే. 1960ల్లో నల్లజాతి పిల్లల్ని కూడా రానివ్వాల్సి వచ్చేసరికి, రానివ్వడం ఇష్టంలేక ఆ పూల్‌నే పూడ్చేశారు. ఆ తర్వాత ఐడా లీ వచ్చేదాకా ఎన్నో ఏళ్ళు ఆ ఊరికి పబ్లిక్ పూలే లేదు. అది విన్న రోజు నాకు నాయనమ్మ గుర్తొచ్చింది, ఎందుకో చెప్పలేను. రెండూ ఒకటి కావని తెలుసు. ఇవాళ ఎవరూ ఎవర్నీ రావద్దనట్లేదు, అదీ నిజమే. లేన్ లేదంటున్నారు, అంతే. నీళ్ళ బయట నిలబడ్డ పిల్లకి మాత్రం కారణం ఏదైనా ఒకటే.

చుట్టుపక్కల కౌంటీల్ని చూద్దాం. ఆర్లింగ్టన్‌లో యార్క్‌టౌన్, వేక్‌ఫీల్డ్, వాషింగ్టన్-లిబర్టీ, మూడు హైస్కూళ్ళలోనూ పూల్స్ ఉన్నాయి. స్కూల్ టైమ్‌లో పిల్లలవి, మిగతా టైమ్‌లో ఊరివి. చిన్నపిల్లలకి ఈత అక్కడే నేర్పుతారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల బటర్‌ఫ్లై బంగారం గెలిచిన టోరీ హస్కీ ఆ యార్క్‌టౌన్ హైస్కూల్లోనే చదివింది, వాళ్ళమ్మ చైనా నుంచి వచ్చినావిడ. దక్షిణాన స్టాఫర్డ్ కౌంటీ, మనకంటే చిన్నది, 1996 అట్లాంటాలో 100 బ్యాక్‌స్ట్రోక్ బంగారం తెచ్చిన తమ పిల్లాడు జెఫ్ రౌజ్ పేరు మీద పెద్ద ఈత సెంటరే కట్టుకుంది. నాకు ఒలింపిక్స్ అక్కర్లేదు మేడమ్, మా అమ్మాయి 100 ఫ్లై టైమ్ చూస్తే మీకూ ఆ భ్రమ ఉండదు. స్కూల్ గోడకీ కౌంటీ గోడకీ మధ్య నీళ్ళు పంచుకోవచ్చని అక్కడ ఎప్పుడో తేలిపోయిందని చెప్తున్నాను, అంతే.

మన దగ్గర ఈ సంగతి ఎత్తితే జరిగేది ఒకటే. స్కూల్ వాళ్ళని అడిగితే పూల్ అనేది పార్కుల వాళ్ళ పని అంటారు, పార్కుల వాళ్ళని అడిగితే టీమ్ అనేది స్కూల్ పని అంటారు. వర్జీనియాలో స్కూల్ బోర్డుకి పన్ను వేసే అధికారం లేదు, డబ్బు సంచి మీ బోర్డు దగ్గరే ఉంది. అందుకే ఉత్తరం మీకు. డబ్బు లేదని మాత్రం దయచేసి అనకండి. ప్రపంచంలో ఎక్కడా లేనన్ని డేటా సెంటర్లు ఆష్‌బర్న్ చుట్టుపక్కలే ఉన్నాయి, వాటిలోని కంప్యూటర్ల మీద వచ్చే పన్ను ఈ కౌంటీ బడ్జెట్‌లో ఎంత పెద్ద ముక్కో మీకు తెలుసు. మా ఇళ్ళలోనూ చాలామందిమి ఆ సర్వర్ల మీదే బతుకుతున్నాం, కాబట్టి వాటిని తిట్టను. ఆ సర్వర్లు వేడెక్కకుండా ఉండటానికి మురుగునీళ్ళు శుద్ధి చేసి ప్రత్యేకంగా పైపులు వేసి మరీ పంపిస్తున్నాం. సర్వర్‌కి నీళ్ళు పంపే తెలివి ఉన్న కౌంటీకి పిల్లలకి నీళ్ళు చూపించడం కష్టమా?

అడిగేది 17 పూల్స్ కాదు. పూల్ కట్టడం ఒక ఖర్చు, రోజూ వేడి చేసి, గాలి మార్చి, లైఫ్‌గార్డుల్ని పెట్టి నడపడం అంతకంటే పెద్ద ఖర్చని తెలుసు. తర్వాత కట్టబోయే హైస్కూల్‌నీ రెక్ సెంటర్‌నీ వేర్వేరు డ్రాయింగులుగా చూడకుండా, ఒకే స్థలంలో పెట్టి, మధ్యలో ఒక మామూలు 25 గజాల పూల్ కట్టించండి. స్లైడులు వద్దు, నీళ్ళు చిమ్మే పుట్టగొడుగు బొమ్మలు వద్దు, లేన్లు కావాలి. అది కట్టేదాకా, కాలనీ పూల్స్ ఒకటి రెండు చలికాలానికి అద్దెకి తీసుకుని వాటి మీద గాలి గుడారం వేయించండి, చాలాచోట్ల వేస్తారు, పెద్ద తెల్ల బుడగలా ఉంటుంది. కాలనీ వాళ్ళు ఊరికే ఒప్పుకోరు, బీమా అంటారు, శబ్దం అంటారు, మా హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) సంగతి నాకు తెలుసు, మెయిల్‌బాక్స్ రంగు మీద ఆర్నెల్లు పోట్లాడారు. కానీ కౌంటీ నుంచి మనిషి వచ్చి అడిగితే వినే తీరు వేరు. ఇంకొకటి, ఇది పైసా ఖర్చు లేనిది: ఏ పూల్‌లో ఏ గంటకి ఎన్ని లేన్లు ఎవరికి ఇచ్చారో అన్ని సెంటర్లదీ కలిపి ఒక్కచోట అందరికీ కనబడేలా పెట్టించండి. ఖాళీగా ఉన్న లేన్ ఒక్కటి దొరికినా ఆరుగురు పిల్లలు మేడమ్.

శనివారం మాకు మీట్ ఉంది. నాలుగు స్కూళ్ళు, 11 ఈవెంట్లు, వార్మప్ ఆరున్నరకి. ప్రతిసారీ లాగే టైమర్లు తక్కువయ్యారు. మీరొస్తే ఒక స్టాప్‌వాచ్ ఇస్తాం, ఎప్పుడు నొక్కాలో నా పక్కన క్లిప్‌బోర్డుతో నిలబడే అమ్మాయి చెప్తుంది. తడిసినా పర్లేదనుకునే షూ వేసుకుని రండి.

ఇట్లు,
ఆల్డీ నుంచి ఒక స్విమ్మర్ వాళ్ళమ్మ