దూరం, గంటలు ఒక్క ముక్కలో చెప్పేస్తే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

దూర దేశానికి కొత్త విమాన సర్వీసు మొదలైందంటే చాలు, ఇన్ని వేల కిలోమీటర్లు, ఇన్ని గంటలు అని ఒక్క ముక్కలో రాసేసి వార్త ముగించేస్తున్నారు. చదివినవాళ్లు ఆ కిలోమీటర్లను 900తో భాగించి (విమానం వేగం గంటకు సుమారు అంతే కదా) ఓ లెక్కకు వచ్చేస్తారు, తీరా టికెట్ మీద ఇంకో అంకె కనపడేసరికి టెన్షన్ పడతారు.

మీరు వేసే దూరం గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి కొలిస్తే వచ్చేది. దాన్ని గ్రేట్ సర్కిల్ దూరం అంటారు. విమానం ఆ గీత మీదే పోవాలని ఎక్కడా లేదు. 2016లో ఎయిరిండియా తన ఢిల్లీ - శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ వైపు మానేసి పసిఫిక్ మీదుగా నడిపింది. దారి దాదాపు 1,400 కిలోమీటర్లు పెరిగి 15,300 దాకా వెళ్లింది, అయినా ప్రయాణం ఇంచుమించు రెండు గంటలు తగ్గింది! పడమటి నుంచి తూర్పుకు చాలా ఎత్తులో వీచే జెట్ స్ట్రీమ్ గాలి వెనకనుంచి తోయడమే కారణం. అదే గాలి ఎదురైతే ఆలస్యం. లండన్, న్యూయార్క్ మధ్య దూరం ఎటు నుంచి చూసినా సుమారు 5,540 కిలోమీటర్లే, కానీ న్యూయార్క్ వెళ్లేటప్పుడు పట్టినంతసేపు తిరిగి వచ్చేటప్పుడు పట్టదు. 2020 ఫిబ్రవరిలో తుపాను గాలుల పుణ్యమా అని ఓ విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కు ఐదు గంటల లోపే చేరింది.

గాలే కాదు, రాజకీయాలు కూడా గంటల్ని మార్చేస్తాయి. 2022లో రష్యా గగనతలం యూరప్ విమానాలకు మూతపడ్డాక హెల్సింకి - టోక్యో ప్రయాణం తొమ్మిది గంటల నుంచి పదమూడు గంటల దాకా పోయింది. విమానాశ్రయాలు రెండూ ఉన్నచోటే ఉన్నాయి!

ఇంకోటి, టికెట్ మీద ఉండే రెండు టైములూ ఆయా ఊళ్ల టైములు. టోక్యోలో సాయంత్రం ఎక్కినవాళ్లు లాస్ ఏంజెలెస్‌లో అదే తేదీ ఉదయం దిగుతారు, మధ్యలో డేట్ లైన్ (పసిఫిక్ మీద తేదీ మారే ఊహా గీత) దాటుతారు కాబట్టి. మొదటిసారి ఒంటరిగా వెళ్లే పెద్దవాళ్లు మందుల వేళలు చూసుకోవాలన్నా, కనెక్టింగ్ ఫ్లైట్‌కు ఎంత వ్యవధి ఉందో తెలియాలన్నా ఈ సంగతి ముందే తెలియాలి.

అందుకే అడుగుతున్నాను, ఇకపై ఇలాంటి వార్త వేసేటప్పుడు వెళ్లే సమయం, వచ్చే సమయం విడివిడిగా ఇవ్వండి. ఆ గంటలు గాల్లో ఉండేవేనా, లేక గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అవతల గేటు దగ్గర ఆగేదాకా కలిపినవా అన్నది కూడా రాయండి. మధ్యలో దిగి ఇంకో విమానం ఎక్కాల్సి ఉంటే ఆ ఎదురుచూపు ఎంతసేపో వేరుగా చూపించండి. రెండు వాక్యాలు ఎక్కువ పడతాయేమో, అంతే.

ఇట్లు,
మీ పాఠకుడు